సొరుగులోని సొమ్ము ఎవరిది?

శ్రీ గురుబసవలింగాయ నమః



ధర్మప్రసంగమునకు ఇంటి సొరుగు ఒక విషయమా యని కొందరికి తోచవచ్చును. షట్‌స్థలము, అష్టావరణము, పంచాచారము మొదలైన గంభీర విషయములుండగా మేజాబల్ల సొరుగును గూర్చియు, బీరువా అరను గూర్చియు ముచ్చటించుట యేల? అయితే మన శరణులు నిత్యజీవితమును విడిచి ధర్మమును ఎన్నడును వేరుగా చూపలేదు. కట్టెలమ్మిన మోళిగె మారయ్య కట్టెమోపులోనే, త్రాళ్లు పేనిన నులియ చందయ్య త్రాటిలోనే, పడవ నడిపిన అంబిగర చౌడయ్య తెడ్డులోనే తమ శివపూజను కనుగొనిరి. పనియే పూజయైన మార్గమున పనిముట్టు పవిత్రము. పనిముట్టు పవిత్రమైనప్పుడు దానిని దాచు చోటు అపవిత్రముగా నుండరాదు. కావున ఈ పర్యాయము మన యింటి సొరుగునే తెరచి చూతము.

మెదకు సీమలో పాత యిండ్లను ఎరిగిన వారికి ఒక సంగతి జ్ఞప్తికి వచ్చును. తాతల నాడు ఇంటికొక సందుగ, గోడలో రెండు గూళ్లు, దూలమునకు ఒక ఉట్టి ఉండెడివి. సందుగ తాళపుచెవి ఇంటి పెద్దమ్మ కొంగున ఉండెడిది. లోపల ఏ మూల ఏమున్నదో ఆమె చీకటిలో చేయిపెట్టి తీయగలిగెడిది. నేడు గదికొక బీరువా, మేజాకు మూడేసి సొరుగులు, మంచము క్రింద సైతము ఒక అర. చోటు పెరిగినది, దానితోపాటు ఏది ఎక్కడ నున్నదో తెలియకపోవుటయు పెరిగినది.

ఒక సొరుగును లాగుదము. సగము వచ్చి ఆగును. చేయి లోనికి దూర్చి, అడ్డుపడిన దానిని అదిమిన గాని అది కదలదు. అందేమున్నవి? మాడిపోయిన బల్బు, కారిపోయిన టార్చిలైటు సెల్లులు, ఏ తాళమునకు చెందినవో ఎవరికిని తెలియని తాళపుచెవులు, ఆగిన చేతిగడియారము, కాలము తీరిన మాత్రలు, ఎన్నడో జరిగిన పెండ్లిండ్ల శుభలేఖలు, పాత సెల్‌ఫోను, దానికి చెందని చార్జరు, కరెంటు బిల్లులు, రబ్బరు బ్యాండులు, పిన్నీసులు, వానినడుమ ఒక విభూతి పొట్లము. ఇది ఏ ఒక్క యింటి మాటయు కాదు. ఇంచుమించు ప్రతి యింటను ఇట్టి సొరుగు ఒకటి యుండును.

దీనిని సర్దుటకు లోకమున అనేకోపాయములు చెప్పుదురు. చిన్నచిన్న డబ్బాలు పెట్టుమందురు. అట్టముక్కలతో గదులు చేయుమందురు. అవి మంచివే. కాని శరణమార్గమున వానికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఇందులోని సొమ్ము ఎవరిది? తెలుగున సొమ్ము అను మాటకు నగ యనియు, ధనమనియు, ఒకరికి చెందిన సొత్తు అనియు అర్థములు కలవు. ఈ మూడవ అర్థమును మనస్సున నిలుపుకొని సొరుగును వెదకినచో మనవి కానివి మూడు తెరగులవి దొరకును. ఒకటి పొరుగువానిది, రెండవది లేనివానిది, మూడవది రాబోవువానిది. వీనిని వరుసగా పరిశీలింతము.

భండారి బసవన్న

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున కలచురి బిజ్జలునికి బసవేశ్వరుడు భండారిగా నుండెను. రాజ్యపు ధనమంతయు ఉన్న పెట్టెలు ఆయన అధీనమున నుండెడివి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఈ భండారమును గూర్చిన వృత్తాంతమును చెప్పియున్నాడు. బసవన్న రాజధనమును జంగమములకు ధారపోయుచున్నాడని అసూయాపరులు బిజ్జలునికి కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. పెట్టెలు తెరువబడెను. ధనము లెక్కకు సరిపోయెను, కొండెగాండ్రు సిగ్గుపడిరి.

ఈ కథను మనము శివమహిమగా చెప్పుకొందుము. అది యుక్తమే. అయితే అందు గృహస్థునకు ఒక పాఠము గూడ కలదు. తెరువుమన్న క్షణమున, ఎవరి యెదుటనైనను, పెట్టెను తెరచి చూపగలిగినవాడే భండారి. తాళము ఎంత గట్టిదియను దానినిబట్టి భండారి యోగ్యత తేలదు. తెరచినపుడు తల యెత్తుకొని నిలువగలుగుటను బట్టి తేలును. మనలో ప్రతివాడును ఒక చిన్న భండారియే. మన సొరుగు రాజు యెదుట తెరువవలసిన పని లేకపోవచ్చును. కాని మన మరణానంతరము మన బిడ్డల యెదుట అది తెరువబడక తప్పదు.

దీనికొక దృష్టాంతము చెప్పుదును. మన సమాజమున వర్తకము చేయు కుటుంబములు అనేకము. వర్తకమున అప్పు ఇచ్చుట, పుచ్చుకొనుట తప్పదు. ఒక రైతు వానకారు విత్తనములకై ఒక సావుకారు వద్ద అప్పు తీసికొని ప్రోనోటు వ్రాసియిచ్చెననుకొందము. పంట చేతికి వచ్చినది. వడ్డీతో సహా తీర్చినాడు. "కాగితము సొరుగులో ఎక్కడనో ఉన్నది; రేపు వెదకి యిత్తును" అని సావుకారు చెప్పెను. రైతు నమ్మి పోయెను. ఆ రేపు రాలేదు. కొన్నాళ్లకు సావుకారు లింగైక్యుడయ్యెను. కుమారులు సొరుగు తెరచిరి. కాగితముల అడుగున ప్రోనోటు దొరికెను. దానిపై రైతు వేలిముద్ర యున్నది. అప్పు తీరినట్లు ఒక్క అక్షరమును లేదు.

ఇప్పుడు తీర్చినానను రైతు మాట నిజమా? తీరలేదను కాగితము నిజమా? చట్టము ప్రోనోటుపై దావాకు మూడేండ్ల గడువు విధించినది. కాని ఊరి నోటికి గడువు లేదు. రైతు తల వంచుకొని రెండవసారి కట్టవలెను, లేదా మాట తప్పినవాడను నింద మోయవలెను. ఆ సావుకారు దుర్మార్గుడు కాడు. త్రిపుండ్రము ధరించినవాడే, శివపూజ తప్పనివాడే. ఎవరి సొమ్మును అపహరింపవలెనని ఎన్నడును తలపలేదు. ఆయన చేయని తప్పును సర్దని సొరుగు ఆయన పేర చేసినది.

సదాచారమునకు బసవేశ్వరుడు చెప్పిన నియమములలో దొంగిలింపకుండుట మొదటిది. పరుల సొమ్ము మన సొరుగున మరుపున పడియుండుట దొంగతనము కాదని మనము సమాధానపడుదుము. పోగొట్టుకొన్నవాని వైపు నుండి చూచినచో ఆ రెంటికిని ఉన్న భేదము స్వల్పము. చదివి ఇత్తునని తెచ్చిన గ్రంథము, శుభకార్యమునకై అడిగి తెచ్చిన వెండి గిన్నె, హామీగా ఉంచుకొన్న పాసుపుస్తకము, ఎవరో ఒక విద్యార్థి మన వద్ద మరచిపోయిన మార్కుల పత్రము: ఇవి మన సొరుగున ఉన్నంతకాలము ఒకరి పని ఎక్కడనో ఆగియున్నదని తెలియవలెను. తీరిన ప్రోనోటుపై ఆనాడే చెల్లు వ్రాసి తిరిగి యిచ్చుటయు ఒక శివపూజయే.

లక్కమ్మ ప్రశ్న

ఇక రెండవ తెరగు సొమ్ము. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణదంపతుల చరిత్ర మనకు తెలిసినదే. కన్నడమున ఆయ్ద అక్కి యనగా ఏరిన బియ్యము. రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి వచ్చి కల్యాణమున స్థిరపడిన మారయ్య, రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే తన కాయకముగా చేసికొనెను. ఆ గింజలను లక్కమ్మ వండి జంగమదాసోహము చేసెడిది. ఒకనాడు ఆయన తెచ్చిన బియ్యము నిత్యముకంటె హెచ్చుగా నుండెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత యెక్కడిది, ఎందులకు అని అడిగెను. మనకు కావలసినదానికి మించినది మనది కాదనియు, తెచ్చినచోటనే పోసి రమ్మనియు భర్తను మరలించెను. మారయ్య మారుమాటాడక అట్లే చేసెను. శూన్యసంపాదన యందు ఈ దంపతుల వృత్తాంతము గౌరవముతో చెప్పబడినది. కాయకమును కైలాసముతో సమానముగా నిలిపిన సుప్రసిద్ధ సూక్తి ఈ మారయ్య వచనములోనిదే.

ఇందు గమనింపదగినది యేమనగా, ఆ బియ్యము దొంగసొత్తు కాదు. నేలను రాలినది. ఎవరును అడుగలేదు. మరునాడు పనికివచ్చునదే. మనమైనచో ఒక డబ్బాలో పోసి మూతపెట్టి యుందుము. లక్కమ్మ చూపు అచ్చటనే మనకంటె దూరము పోయినది. ఎక్కువైనది ఇంటికి వచ్చిన దినముననే అది వేరొకరి కంచమునకు తక్కువైనదని ఆమె గ్రహించెను.

మన సొరుగులు నిండుటకు మూలమైన మాట ఒక్కటే: "ఎప్పుడైనా పనికివచ్చును." ఈ మాటలో వివేకము పాలు కొంత, భయము పాలు మెండు. రేపటికని బంగారమును గాని బట్టను గాని దాచుకొననని బసవేశ్వరుడు ప్రమాణము చేసి పలికిన వచనము కలదు. దాచినది రేపటికి అక్కరకు వచ్చునను నిశ్చయమైనను మనకున్నదా? 2011వ సంవత్సరము జూన్ 30వ తేదీ నుండి పావలా నాణెము చెల్లకుండ పోయినది. అయినను ఎన్నో సొరుగుల మూలలందు అవి నేటికిని గలగలలాడుచున్నవి. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఐదువందల, వేయిరూపాయల పాత నోట్లు రద్దయినవని ప్రకటింపబడెను. బ్యాంకులలో జమచేయుటకు డిసెంబరు 30 వరకు గడువు లభించెను. ఆ గడువు దాటిన పిదప చీరమడతలలో, పోపుల డబ్బాలలో, పాత పంచాంగముల నడుమ నోట్లు బయటపడిన గృహములు కలవు. కష్టించి కూడబెట్టి, ఎవరికిని చెప్పక దాచుకొన్న స్త్రీల దుఃఖమును మనము పరిహసింపరాదు. తమదని చెప్పుకొనుటకు ఒక సొరుగైనను లేని దశ వారిచేత ఆ పని చేయించినది. ఇంటి ధనమును ఇంటివారందరు కలిసి ఎరుగవలెనని దానివలన నేర్చుకొనవలెను.

అట్లయిన గృహస్థు ఏమియు కూడబెట్టరాదా? ఈ శంకకు మన మెదకు నేలయే సమాధానము చెప్పుచున్నది. మంజీరానది బీదరు సీమను ఒరసికొని వచ్చి మన జిల్లాను చేరును. ఘనపురము వద్ద ఆనకట్ట దానిని అడ్డగించును. అడ్డగించిన నీటిని అది తనకొరకు ఉంచుకొనదు. మహబూబు నహరు, ఫతే నహరు అను రెండు కాలువల ద్వారా పొలములకు పంపును. కాలువలు పూడినచో నీరు ఉండియు పైరు ఎండును. కూడబెట్టుటకును కుక్కిపెట్టుటకును భేదము ఇంతియే. కాలువ గల సొరుగు భండారము. కాలువ లేని సొరుగు పూడిక.

జూన్ మాసమున బడులు తెరచినపుడు పెన్నుగాని, కొలబద్దగాని లేక ప్రక్కవాని వైపు చూచుచు కూర్చుండు బిడ్డ ప్రతి తరగతిలోను ఒకరుందురు. ఆ బడికి రెండు వీథుల అవతల, పెద్దవారై ఉద్యోగములకు పోయిన పిల్లల కంపాసు పెట్టెలు నాలుగు, సగము మిగిలిన నోటుపుస్తకములు పది, ఒక సొరుగున పడియుండును. ఈ రెంటిని కలుపుటకు ధనము అక్కరలేదు, సభ అక్కరలేదు. సొరుగు తెరచిన చాలును.

అయితే ఒక హెచ్చరిక. దాసోహమనగా దాసుడను నేననుట. ఇచ్చువాడు దాసుడు, పుచ్చుకొనువాడు ప్రభువు. ప్రభువునకు చిరిగినది, విరిగినది, మనకు రోత పుట్టినది సమర్పింతుమా? గడియారమును బాగుచేయించి ఇయ్యవలెను. చొక్కాకు గుండీ కుట్టి, ఉతికి, మడిచి ఇయ్యవలెను. లింగమునకు అర్పింపదగనిది జంగమమునకును ఇయ్యదగదు. సొరుగు ఖాళీ చేసికొనుటకై పేదవాని గుమ్మమున చెత్త పోయుట దాసోహమనిపించుకొనదు.

తాళపత్రముల పెట్టె

ఇంతవరకు చెప్పిన మాటలు విని, ఉన్నదంతయు తీసి పారవేయుటయే ధర్మమని ఎవరును తలపరాదు. మన మతమునకు ప్రాణమైన వచనవాఙ్మయము ఇంటి పెట్టెలలో దాగియుండియే బ్రతికినది.

సుమారు 1167 ప్రాంతమున కల్యాణమున విప్లవము చెలరేగినపుడు చెన్నబసవన్న, అక్క నాగమ్మ మొదలగు శరణులు వచనముల కట్టలను వెంటగొని ఉళవి వైపు సాగిరని మన పెద్దలు చెప్పుదురు. ప్రాణభయముతో ఇల్లు విడుచువాడు తనకు అన్నింటికంటె విలువైనదేదో దానినే చేతబట్టును. వారు బంగారమును విడిచి తాళపత్రములను మోసిరి. ఆ కట్టలకు ప్రతులు, ప్రతులకు ప్రతులు పుట్టి మఠములలోను, సామాన్య గృహస్థుల పెట్టెలలోను, అటుకలమీదను శతాబ్దములు నిలిచినవి.

అయితే వానిని దాచినవారిలో అనేకులకు తాము దాచినదేమో తెలియదు. పసుపు కుంకుమలు పెట్టి పూజించిరి గాని కట్టు విప్పి చదువలేదు. చెదలు కొన్నింటిని తినినది. తేమ కొన్నింటిని కరగించినది. ఆ స్థితిలో ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు ముందుకు వచ్చిరి. 1880లో ధారవాడలో జన్మించి, బిజాపురమున న్యాయవాదిగా నుండిన ఆ మహనీయుడు ఊరూర తిరిగి, ఇంటింట అడిగి, పెట్టెలు తెరపించి తాళపత్రములను సేకరించెను. 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగమును ప్రకటించెను. ముద్రణకై 1925లో హితచింతక ముద్రణాలయమును స్థాపించెను. అందుకై తన యింటిని సైతము అమ్ముకొనెనని ప్రసిద్ధి. 1926లో శివానుభవ పత్రికను ప్రారంభించెను. 1964లో లింగైక్యము చెందువరకు ఆ కాయకమును విడువలేదు. నేడు మనము కంఠస్థము చేయు వచనములలో ఎన్నో ఆయన తెరపించిన పెట్టెలలోనుండి వచ్చినవే.

ఈ చరిత్ర మనకు రెండు మాటలు చెప్పుచున్నది. చూడక పారవేసినవాడు వచనములను పోగొట్టును. చూడక దాచినవాడును పోగొట్టును. కట్టు విప్పి చూచినవాడే కాపాడును.

తెలుగునాట మన యిండ్లలోను సోమనాథుని కృతులకు, శివపూజావిధులకు, కులవృత్తాంతములకు చెందిన తాళపత్రములు, చేవ్రాత పుస్తకములు ఇంకను ఉండవచ్చును. చదువరాని వ్రాతను నదిలో విడుచుట కొందరి యలవాటు. దయచేసి అట్లు చేయరాదు. తాళపత్రములను నీటితో కడుగవద్దు, ఎండలో పరువవద్దు. మెత్తని నూలుబట్టలో చుట్టి, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయము వంటి సంస్థకు గాని, తెలిసిన పండితులకు గాని చూపింపవలెను. తాత వ్రాసిన లెక్కల పుస్తకము, అవ్వ వ్రాసికొన్న మంగళహారతులు, వంశవృక్షము: ఇవియును ఇట్టివే. పాత ఛాయాచిత్రముల వెనుక అందున్నవారి పేర్లను పెన్సిలుతో వ్రాయుడు. ఆ పేర్లు చెప్పగల పెద్దలు నేడున్నారు; రేపు చెప్పువారుండరు. ఇవి మన మనుమలవి. మనము నడుమ కొంతకాలము కావలి కాయువారము మాత్రమే.

మఠాధిపతులకు ఒక విన్నపము. మఠములలోని పాత పెట్టెలను ఏటికొకసారి తెలిసినవారి చేత తెరపించి, ఉన్నవాని పట్టిక వ్రాయించిన ఎంతో మేలగును. దాసోహశాల ప్రక్కనే ఒక అర నేర్పరచినచో భక్తులు తమ యిండ్ల అదనపు వస్తువులను బాగుచేసి అచ్చట ఉంచుదురు. కావలసినవారు తలవంచుకొనకుండ తీసికొందురు.

ఆచరణ విధము

ఒక్క దినముననే ఇల్లంతయు సర్దవలెనని పూనుకొన్నవారు సాయంకాలమునకు అలసి అన్నింటిని మరల లోనికి త్రోయుదురు. సోమవారమునకు ఒక సొరుగు చాలును. పూజానంతరము సొరుగును పూర్తిగా బయటికి తీసి, నేలపై ఒక పాత దుప్పటి పరచి, ఉన్నదంతయు దానిపై పోయవలెను. సొరుగును తడిబట్టతో తుడిచి ఆరనీయవలెను. పిదప ఒక్కొక్క వస్తువును చేతబట్టి చూడవలెను. పరులవి ఒక కుప్ప. అదనపువి ఒక కుప్ప. రాబోవు తరమువారివి ఒక కుప్ప. నిత్యము వాడునవి ఒక కుప్ప. ఎవరికిని పనికిరానివి ఒక కుప్ప. నిత్యము వాడునవి మాత్రమే ఆ సొరుగునకు తిరిగి పోవలెను. పరులవి ఆ వారములోనే చేరవలసినచోటికి చేరవలెను. "రేపు" అను మాటను ఈ ఒక్క కుప్ప విషయమున పలుకరాదు.

మందుబిళ్లలపై గడువుతేదీ చూడవలెను. గడువు తీరినవానిని పిల్లలకు, పశువులకు అందునట్లు పారవేయరాదు. సెల్లులను నిప్పులో వేయరాదు. బసవేశ్వరుని చిత్రము, దేవతాచిత్రములు గల శుభలేఖలను కాలిక్రింద పడనీయక, చిత్రము గల భాగమును వేరుచేసి చెట్టు మొదట పాతి, మిగిలిన అట్టను లెక్కలు వ్రాయుటకు వాడుకొనవచ్చును. విభూతిని, రుద్రాక్షలను తాళపుచెవులతో కలుపక పూజాస్థానమున ఉంచవలెను.

ఇంటికి ఆధారమైన పత్రములకు ఒక ప్రత్యేకస్థానము కావలెను. పొలము పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, భీమా పత్రము, పింఛను కాగితములు, పిల్లల విద్యార్హత పత్రములు ఒక్క సంచిలో నుంచి, వాని పట్టికను మొదటి కాగితముగా పెట్టవలెను. ఆ సంచి ఎక్కడ నున్నదో భర్తయు భార్యయు ఇద్దరును ఎరిగియుండవలెను. భర్త పోయిన దుఃఖములో నున్న స్త్రీ, ఒక్క కాగితము కొరకు పది సొరుగులు వెదకుచు, కార్యాలయముల చుట్టు తిరుగుట మనము చూచుచున్నదే. పది నిమిషముల పనిని బద్ధకించుటవలన ఆమెకు పది నెలల బాధ కలుగును.

ఈ పని స్త్రీలదే యని పురుషులు తప్పించుకొనరాదు. బియ్యము తెచ్చినది మారయ్య, లెక్క చూచినది లక్కమ్మ, తిరిగి పోసివచ్చినది మరల మారయ్య. ఒకరు అడుగగలిగిరి, ఒకరు వినగలిగిరి; అందువలననే అది శరణదాంపత్యమైనది. అట్లే ఒకరి సొరుగును వారి అనుమతి లేక వేరొకరు ఖాళీ చేయరాదు. ముఖ్యముగా వృద్ధుల విషయమున. కోడలికి వట్టి తుక్కుగా తోచు ఇత్తడి భరిణె అత్తగారికి తన తల్లి చేతి స్పర్శ కావచ్చును. ఆమె ప్రక్కన కూర్చుండి, ఒక్కొక్కదానిని చేతికిచ్చి, "ఇది యెక్కడిది అత్తమ్మా?" అని అడుగవలెను. ఆమె చెప్పును. చెప్పిన పిదప కొన్నింటిని తానే సంతోషముగా మనుమరాండ్రకు పంచును. వినువారు లేకపోవుటచేతనే కొన్ని వస్తువులను పెద్దలు విడువలేకున్నారు.

లింగకాయ

ప్రతి వీరశైవుని వద్ద ఒక చిన్న పెట్టె కలదు. అదియే మెడలో నుండు లింగకాయ. అందు ఇష్టలింగ మొక్కటే యుండును. చోటున్నది గదా యని అందు ఒక ఉంగరమును గాని, తాళపుచెవిని గాని ఎవరైనను వేయుదురా? కలలోనైనను వేయరు. ఏది ఎందుకున్నదో తెలిసిన పెట్టె అట్లుండును. దినదినము దానిని తెరతుము, శుభ్రపరతుము, చూతుము, మరల మూయుదుము. సర్దుకొను విద్యను గురువు మనకు దీక్షనాడే మెడలో కట్టినాడు. దానిని ఇంటిలోని తక్కిన పెట్టెలకు విస్తరింపజేయుటయే మనము చేయవలసినది. మనస్సును ఇట్టి పెట్టెయే. తీరిన పగలు, చెల్లని గర్వములు, ఎవరో ఎప్పుడో అన్న మాటలు అందు అడ్డుపడియుండుటచేతనే మంత్రము లోనికి పోదు. చేతితో సొరుగు సర్దుట అలవడినవానికి ఆ లోపలి సొరుగును తెరచు ధైర్యము కలుగును. అంతరంగ శుద్ధికి బహిరంగ శుద్ధి వాకిలి.

వైశాఖ శుద్ధ తదియనాడు బసవజయంతి. ఆనాడే అక్షయతృతీయ. తరుగని సంపద కలుగునని లోకము ఆ దినమున బంగారము కొని సొరుగున దాచుచున్నది. రాజభండారమును చేతబట్టియు రేపటికని ఏమియు దాచుకొనని మహాత్ముని జయంతి అదే దినమున వచ్చుట మనము ఆలోచింపదగిన విషయము. రాబోవు బసవజయంతినాటికి ప్రతి గృహమున ఒక్క సొరుగైనను తెరచి, అందు దొరికిన పరుల సొమ్మును ఒక్కదానినైనను తిరిగి యిచ్చెదమని సంకల్పింతము. ఆ దినమున ఇంటినుండి బయటికి పోయినదే అక్షయము.

మన ఆచారమున లింగైక్యుడైన వాని ఎడమ అరచేత ఇష్టలింగమును ఉంచి సమాధి చేయుదురు. వెండి లింగకాయ సైతము వెంట రావలసిన పని లేదు. లింగ మొక్కటే వచ్చును. ఇంటనున్న సొరుగులన్నియు ఇచ్చటనే ఉండును. వానిని తెరచినవారు మనలను గూర్చి ఏమనుకొందురో అది నేడు మన చేతిలోనే యున్నది.

శరణు శరణార్థి.